వంటింటి జాబులు: ఈ ఎండల్లో ఐస్ టీ

పోయిన నెల జవాబుల్లో మాటవరసకి "మధ్యాహ్నం పూట మా ఇంట్లో ఐస్ టీ తాగుతాం" అని ఒక్క ముక్క రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. అందుకని పచ్చళ్ల ప్రశ్నలు పక్కన పెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను. మా నాయనకి కావలిలో టీ అంగడి ఉండేది. డికాషన్ రంగు చూసి ఏ పొడో చెప్పేసే ఇంట్లో పెరిగినదాన్ని. అందుకే టీ దగ్గర కాస్త మొండిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

అక్కా, పొద్దున మిగిలిన పాలు లేని టీని ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం ఐసు వేసుకుని తాగుతున్నాను. చేదుగా, నాలుక పట్టేసేంత వగరుగా ఉంటోంది. పైగా మసకబారిపోతోంది. చెన్నైలో ఒక హోటల్లో తాగితే తేటగా, గ్లాసు అవతల మనిషి కనిపించేలా ఉంది. నేనెక్కడ పొరపాటు చేస్తున్నాను?
(ఒక గృహిణి, వేదాయపాళెం, నెల్లూరు)

మిగిలిన టీ దగ్గరే చెల్లెమ్మా. వేడిగా తాగడానికి మరిగించిన టీ వేరు, చల్లగా తాగడానికి దించే టీ వేరు. మన ఇళ్లలో ఎక్కువగా వాడేది డస్ట్ టీ, అంటే బాగా సన్నటి పొడి. పాలు పోసి మరిగించడానికి దాన్ని మించింది లేదు. ఎందుకంటే పాలలోని ప్రోటీన్లు ఆ వగరును పట్టేసుకుంటాయి. పాలు తీసేస్తే వగరంతా బయటపడుతుంది. పొడి ఎంత సన్నగా ఉంటే సారం అంత తొందరగా దిగుతుంది, చేదు కూడా అంతే తొందరగా దిగుతుంది.

కాబట్టి ముందు పొడి మార్చండి. ఆకు టీ కొనండి, పెద్ద ముక్కలుగా ఉండేది. నీలగిరి ఆకు దొరికితే ఇంకా మంచిది, చల్లారాక కూడా పెద్దగా మసకబారదని దానికి పేరుంది. ఇక లెక్క చెబుతాను, లీటరుకి. అర లీటరు నీళ్లు బాగా మరిగించి పొయ్యి ఆపేయండి. అప్పుడు ఆకు టీ నాలుగు చెంచాలు, అంటే 8 గ్రాముల దాకా వేసి మూత పెట్టండి. నాలుగు నిమిషాలు, మహా అయితే ఐదు. అంతకు మించి ఉంచొద్దు. ఆకును గరిటెతో నొక్కకుండా, పిండకుండా వడకట్టండి. చక్కెర వేసేటట్టయితే ఆ వేడిలోనే కలిపేయండి, ఐసు వేశాక చక్కెర తొందరగా కరగదు. తర్వాత అర లీటరు మామూలు నీళ్లు పోసి, బయటే చల్లారనిచ్చి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టండి. ఇంట్లో డస్ట్ టీ తప్ప వేరే లేకపోతే రెండు చెంచాలు చాలు, రెండు నిమిషాలకే దించేయండి.

మసకబారడానికి కారణం పొడిలో కల్తీ కాదు. టీలో ఉండే కెఫీన్, వగరునిచ్చే టానిన్ల జాతి పదార్థాలు వేడిలో విడివిడిగా ఉంటాయి. చల్లబడితే ఒకదానికొకటి అంటుకుని తెల్లటి తెరలా కనిపిస్తాయి. టీ ఎంత చిక్కగా ఉంటే, ఎంత హఠాత్తుగా చల్లబరిస్తే అంత మసక. మీరు చేసేది సరిగ్గా అదే: చిక్కటి టీని తిన్నగా ఫ్రిజ్‌లోకి తోస్తున్నారు. ఇప్పటికే మసకబారిన టీ ఉంటే అందులో కొంచెం మరుగుతున్న నీళ్లు పోసి చూడండి, తేరుకుంటుంది.

ఇంతకంటే తేలిక దారి ఇంకోటుంది. రాత్రి పడుకోబోయే ముందు లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో అదే నాలుగైదు చెంచాల ఆకు వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున్నే వడకట్టండి. టీ మరిగించే పనే లేదు. చల్లటి నీళ్లలో టానిన్లు, కెఫీన్ తక్కువగా దిగుతాయి కాబట్టి చేదు దాదాపు ఉండదు, మసక అసలుండదు. చక్కెర లేకుండా కూడా తాగబుద్ధవుతుంది. మా ఇంట్లో చేసేది ఇదే.

అమ్మా, మాది కనిగిరి దగ్గర పల్లె. బోరు నీళ్లతో టీ పెడితే నల్లగా, కళ లేకుండా, పైన మీగడలా తెట్టు కడుతుంది. ఐస్ టీకి పనికొస్తాయా? ఫ్రిజ్ ఉంది గానీ కరెంటు పోతే గంటల తరబడి రాదు.
(ఒక పాఠకురాలు)

ఆ తెట్టుకి కారణం నీళ్లలోని సున్నం. కాల్షియం, టీలోని పదార్థాలు కలిసి పైన పొరలా తేలతాయి. నీళ్లు ముందు బాగా మరిగించి, చల్లార్చి, అడుగున పేరుకున్న తెల్లటి మడ్డి కదలకుండా పైనీళ్లు వంచుకుంటే కొంత తగ్గుతుంది. నిమ్మరసం నాలుగు చుక్కలు పడినా తెట్టు కట్టదు.

కానీ మీ ఊరి పేరు చూశాక నాకు సున్నం కంటే ఫ్లోరైడ్ మీదే గుబులు. కనిగిరి వైపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, అది పళ్లనీ ఎముకల్నీ పాడుచేసే సంగతి మీకు నేను చెప్పాల్సింది కాదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. ఇంకో విషయం చాలామందికి తెలియదు: టీ మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లోకి లాక్కుని దాచుకుంటుంది. ముదురు ఆకుతో చేసే చవక పొడిలో అది ఇంకా ఎక్కువ. అంటే బోరు నీళ్లతో చిక్కటి టీ పెడితే రెండు వైపుల నుంచీ వస్తుంది. కాబట్టి మీరు ఐస్ టీకి ఫిల్టర్ ప్లాంటు నీళ్లు, లేదా మంచినీళ్ల పథకం నీళ్లే వాడండి. టీ పల్చగా పెట్టండి, రోజుకి ఒక గ్లాసు చాలు. పిల్లలకు వద్దే వద్దు.

కరెంటు లేనప్పుడు కుండ ఉంది కదా. మీకు సముద్రం దూరం, పడమటి గాలి పొడిగా వీస్తుంది. కుండ పైన తడి ఎంత తొందరగా ఆరితే లోపల అంత చల్లబడుతుంది. మా నెల్లూరులో సాయంత్రం సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలైతే కుండ పెద్దగా పని చేయదు, మీకా ఇబ్బంది తక్కువ. టీని మాత్రం కుండలో పోయొద్దు. మట్టి ఆ వాసన పీల్చుకుంటే ఇక వదలదు. టీ ఉన్న స్టీలు సీసాకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలే కిటికీలో పెట్టండి, లేదంటే చల్లటి కుండ నీళ్లనే చిక్కటి డికాషన్‌లో కలుపుకోండి.

హాయ్ ఆంటీ, ఒంగోలులో రూమ్‌లో ఉండి చదువుకుంటున్నా. గాజు సీసాలో నీళ్లు, టీ పొడి వేసి ఎండలో పెడితే నాలుగు గంటల్లో టీ రెడీ అని ఒక వీడియోలో చూశా. మా మేడ మీద ఎండకి రెండు గంటలు చాలేమో! చేయొచ్చా?
(ఒక విద్యార్థి)

చేయొద్దబ్బాయ్. ఒంగోలు ఎండ 44 డిగ్రీలు దాటినా సీసాలో నీళ్లు మరగవు కదా. గోరువెచ్చని దశ దాటి, చెయ్యి పెడితే చురుక్కుమనేంత దగ్గర ఆగిపోతాయి. సూక్ష్మజీవులు చచ్చే వేడి కాదది, హాయిగా పెరిగే వేడి. టీ ఆకు కడిగి ఎండబెట్టిన సరుకేమీ కాదు, నీళ్లలో పడేదాకా దాని మీద ఏముందో మనకు కనపడదు. అమెరికాలో ఈ పద్ధతి బాగా నడిచింది గానీ, అక్కడి ఆరోగ్య నిపుణులే వద్దని చెబుతూ వస్తున్నారు. జిగటగా తీగలు సాగే టీ కనిపించిందంటే అది పాడైనట్టే.

రూమ్‌లో ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటుందిగా. వేడినీళ్లలో నాలుగు నిమిషాలు ఉంచి తీసేయ్. పరీక్షల ముందు టెన్షన్‌లో అర్ధరాత్రి దాకా అదే పనిగా తాగకు. చల్లగా ఉంది కదా అని కెఫీన్ ఎక్కడికీ పోదు.

అక్కా, మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో పని. నల్లరాయి మధ్య ఆ సెగ చెప్పలేను. ఫ్లాస్కులో ఐస్ టీ పోసి పంపుదామనుకుంటున్నా. టీ తాగితే ఒంట్లో నీరు పోతుందని మా అత్తమ్మ వద్దంటోంది. ఏం చేయమంటారు?

ముందు మీ అత్తమ్మ మాట. మామూలుగా తాగే టీతో ఒంట్లో నీరు పోదు. కెఫీన్ వల్ల మూత్రం కాస్త ఎక్కువైనా, తాగిన నీరు అంతకంటే ఎక్కువే ఒంట్లో నిలుస్తుంది. ఆ భయం అక్కర్లేదు. కానీ ఆవిడ వద్దనడంలో వేరే న్యాయం ఉంది. క్వారీలో చెమటతో పోయేది నీళ్లొక్కటే కాదు, ఉప్పు కూడా. ఐస్ టీలో ఉప్పు లేదు. అందుకని ఐస్ టీ ఆయన సరదాకి, ఆయన ప్రాణానికి మాత్రం ఉప్పేసిన పల్చటి మజ్జిగ పంపండి. దాంతోపాటు ఓఆర్ఎస్ ప్యాకెట్లు బ్యాగులో పడెయ్యండి. ప్యాకెట్ మీద రాసినంత నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి, సగం సగం కలపకూడదు. ప్యాకెట్ లేనప్పుడు లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపండి. ఇందులో అందాజా పనికిరాదు.

ఐస్ టీ పంపేటప్పుడు ఫ్లాస్కును ముందు ఐసు నీళ్లతో నింపి పది నిమిషాలు ఉంచి పారబోయండి. తర్వాత పెద్ద ఐసు ముక్కలు వేసి టీ పోయండి. చిన్న ముక్కలు తొందరగా కరిగి టీని నీళ్లు చేస్తాయి. ఇంకా మంచిది, ముందురోజు టీనే ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించి ఆ ముక్కలు వేయడం. ఎంత కరిగినా రుచి పల్చబడదు. చక్కెర తగ్గించండి. చల్లగా ఉన్నప్పుడు తీపి నాలుకకి తక్కువగా తెలుస్తుంది, మనం తెలియకుండానే ఎక్కువ వేసేస్తాం.

ఇంకొక్క మాట, ఇది టీ సంగతి కాకపోయినా రాయకుండా ఉండలేను. పనిలో ఎవరైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా కనిపిస్తే ఏ డ్రింకూ పట్టొద్దు. నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయమని ఆయనకీ, ఆయనతో పనిచేసేవాళ్లకీ చెప్పండి.

పిన్నిగారూ, మాది పొదలకూరు. ఇంట్లో నిమ్మకాయలకు కొదవ లేదు. కానీ నిమ్మరసం వేయగానే టీ రంగు వెలిసిపోతోంది, ఒక్కోసారి చేదెక్కుతోంది. ఎప్పుడు, ఎంత వేయాలి?

నిమ్మ మార్కెట్ ఉన్న ఊరివాళ్లు నన్నడగడమా! సరే, చెబుతా. రంగు మారడం తప్పు కాదు. టీకి ఆ ఎర్రదనం ఇచ్చే పదార్థాలు పులుపు తగిలితే లేతబడతాయి. అది చూసి ఇంకాస్త పొడి వేసి చిక్కగా పెట్టారంటే వగరు మిగులుతుంది.

చేదుకి కారణం రసం కాదు, తొక్క. సగం చెక్కను వేడి టీలో పడేసి అలాగే వదిలేస్తున్నారేమో చూసుకోండి. తొక్కలోని చేదు, గింజల్లోని చేదు వేడికి దిగిపోతాయి. టీ పూర్తిగా చల్లారాక, గింజ పడకుండా, రసం మాత్రమే పిండండి. లీటరుకి ఒక పెద్ద కాయ, చిన్నవైతే రెండు. అందం కోసం చక్రాలు కోసి వేయాలనుకుంటే గ్లాసులో వేసి అప్పటికప్పుడు ఇచ్చేయండి. రాత్రంతా చక్రాలు నానిన టీ నాకైతే నోట పెట్టబుద్ధి కాదు. సత్తు గిన్నెలో, రాగి చెంబులో నిమ్మ టీ పోయొద్దు, పులుపుకి లోహం దిగుతుంది. స్టీలు గానీ గాజు గానీ వాడండి.

మీకు కాయలు చవకగా దొరికే రోజుల్లో రసం తీసి ఐస్ ట్రేలో గడ్డ కట్టించి, ముక్కల్ని కవర్లో కట్టి ఫ్రీజర్‌లో దాచుకోండి. 2022 ఏప్రిల్‌లో గుర్తుందా, ఒక్క నిమ్మకాయ పది రూపాయలు పలికింది! మార్కెట్ ఊళ్లో ఉన్నా వేసవిలో ధర మన మాట వినదు. ఒక్కో గ్లాసుకి ఒక్కో ముక్క, రసమూ ఐసూ రెండూ అందులోనే వచ్చేస్తాయి.

తియ్యదనానికి చక్కెర, నీళ్లు సమంగా తీసుకుని కరిగేదాకా కాచి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకోవచ్చు. పాకం కాచేటప్పుడు నాలుగు పుదీనా రెమ్మలో, దంచిన అల్లం ముక్కో వేసి చల్లారాక వడకట్టండి. తాటిబెల్లం బాగుంటుందా అని ఇంకొకరు అడిగారు. బాగుంటుంది, కానీ టీ వాసన దాని కింద నలిగిపోతుంది. నాకు అల్లంతోనే ఇష్టం.

మేడమ్, మేం కావలి దగ్గర తీరప్రాంత గ్రామం యువకులం. ఈసారి చలివేంద్రంలో నీళ్లతో పాటు లెమన్ ఐస్ టీ కూడా ఇవ్వాలనుకుంటున్నాం. రోజుకి వంద మందికి ఎంత సరుకు కావాలి? రొయ్యల కోసం ఐసు ఫ్యాక్టరీ పక్కనే ఉంది, ఐసుగడ్డలు ఊరికే ఇస్తామన్నారు.

మంచి పని చేస్తున్నారు బాబూ. కానీ ఆ ఐసు గ్లాసులో వేయొద్దు. రొయ్యలకీ చేపలకీ వేసే ఐసుగడ్డ తాగడానికి చేసింది కాదు. ఏ నీళ్లతో పోశారో, ఏ నేల మీద దొర్లిందో, ఏ గోనెపట్టాలో చుట్టారో మీకే తెలుసు. గడ్డ కట్టినంత మాత్రాన క్రిములు చావవు, కరగ్గానే మళ్లీ లేచి కూర్చుంటాయి. తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన పెట్టింది కూడా. రంగు లేనంత మాత్రాన తాగే ఐసు అనుకోవద్దు.

ఊరికే వచ్చే ఐసుని వదులుకోమనడం లేదు. దాన్ని బయట వాడండి. పెద్ద తొట్టిలో ఐసు పగలగొట్టి పోసి, మీద గుప్పెళ్లతో కల్లుప్పు చల్లండి. ఉప్పు తగిలిన ఐసు ఇంకా చల్లబడుతుంది. టీ ఉన్న స్టీలు క్యాన్‌ని బిగుతుగా మూత పెట్టి ఆ తొట్టిలో దించండి. తొట్టి నీళ్లు క్యాన్‌లోకి చిమ్మకుండా, కుళాయి ఐసుకి పైన ఉండేలా చూసుకోండి. గ్లాసులో ఐసు ముక్క లేకపోయినా పళ్లు జివ్వుమంటాయి.

వంద మందికి, గ్లాసుకి 200 మిల్లీలీటర్ల చొప్పున 20 లీటర్లు. ఆకు టీ 160 నుంచి 200 గ్రాములు, చక్కెర కిలో, నిమ్మకాయలు ముప్ఫై దాకా. పది లీటర్ల నీళ్లలో టీ దించి, మిగతా పది లీటర్లు క్యాన్ నీళ్లు కలపండి. పొద్దున చేసింది ఆ పూటకే. మిగిలితే పారబోయండి, మర్నాటికి దాచొద్దు. షుగర్ ఉన్నవాళ్ల కోసం చిన్న క్యాన్‌లో చక్కెర లేనిది విడిగా పెట్టండి, దాని మీద పెద్ద అక్షరాలతో రాయండి. డబ్బులు తక్కువ పడితే మాత్రం ఆపాల్సింది ఐస్ టీని, మజ్జిగను కాదు.

మా పాపకి పద్నాలుగేళ్లు. రక్తం తక్కువుందని డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. అన్నంతో పాటు ఐస్ టీ కావాలని గోల. ఇవ్వొచ్చా?
(ఒక తల్లి, కోవూరు)

అన్నంతో పాటు మాత్రం వద్దమ్మా. టీలోని టానిన్లు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తాయి. మాత్ర వేసుకునే వేళకీ అదే వర్తిస్తుంది. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి, మాత్రకైతే రెండు గంటలు ఉంచండి. నిమ్మలోని సి విటమిన్ ఇనుము ఒంటపట్టడానికి సాయం చేస్తుంది గానీ, దాన్ని టీలోనే పిండితే సగం లాభం టీ తినేస్తుంది. అన్నం దగ్గర ఉత్త నిమ్మరసం నీళ్లివ్వండి. రక్తం పెరిగేదాకా ఐస్ టీ ఎప్పుడో ఒక సాయంత్రం చిన్న గ్లాసు, అదీ పల్చగా. కింద రాసిన, టీ ఆకు లేని ఎర్రటి డ్రింకు ఇచ్చి చూడండి.

పిల్లలకు టీ ఆకు లేకుండా ఐస్ టీ లాంటిది ఏదైనా చెప్పండి.
(అల్లూరు, గిద్దలూరు, ఇంకా చాలామంది)

ఎర్ర గోంగూర మొక్కకి శీతాకాలంలో కాయలు కాస్తాయి కదా, ఆ కాయ చుట్టూ దళసరిగా, పుల్లగా ఉండే ఎర్రటి రేకులు వలిచి ఎండబెట్టుకోండి. ప్రపంచమంతా మందార టీ అని డబ్బు పోసి కొనుక్కునేది వీటితో చేసేదే, పెరట్లో పూజకి కోసే మందారం కాదు. లీటరు నీళ్లు మరిగించి గుప్పెడు ఎండు రేకులు వేసి పది నిమిషాలు మూత పెట్టండి. రంగు చూస్తేనే పిల్లలు గ్లాసులు పట్టుకొస్తారు. కెఫీన్ ఉండదు. పులుపు ఎక్కువ కాబట్టి చక్కెర పాకం కాస్త పడుతుంది. నానబెట్టిన సబ్జా గింజలు ఒక చెంచా వేయండి. గింజలు పూర్తిగా ఉబ్బాకే ఇవ్వాలి. గర్భిణులు, బీపీ మాత్రలు వాడేవాళ్లు ఈ రేకుల టీ రోజూ తాగే ముందు డాక్టర్ని అడగాలి.

గిద్దలూరు నుంచి రాసినావిడ బత్తాయి రసం కలపొచ్చా అని కూడా అడిగారు. నిక్షేపంగా. తాగే ముందు పిండండి, అంతే. పిండి పక్కన పెడితే బత్తాయి రసం గంట గంటకీ చేదెక్కుతుంది, అది ఆ కాయ గుణం.

చెన్నై మాల్‌లో పీచ్ ఐస్ టీ తాగాం, చాలా నచ్చింది. నెల్లూరులో పీచ్ పళ్లు దొరకవు. పొడి ప్యాకెట్లు కొనొచ్చా?

ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలన్నది నియమం. చాలా వాటిలో మొదటి మాట చక్కెర, టీ ఎక్కడో చివర. ఆ మాత్రానికి అంత ధరెందుకు?

పీచ్ లేకపోతే ఏం, మనకి పచ్చిమామిడి ఉంది. చేపల పులుసులోకి తెచ్చినప్పుడు ఒక కాయ ఎక్కువ తెచ్చుకోండి. ఉడకబెట్టి, గుజ్జు తీసి, చక్కెర పాకంతో కలిపి మెత్తగా చేసి ఉంచుకోండి. గ్లాసుకి రెండు చెంచాల గుజ్జు, చిటికెడు ఉప్పు, మీద చల్లటి పల్చటి టీ. నిమ్మ అక్కర్లేదు. మామిడి ముదిరి పండ్లు దిగాక బంగినపల్లి గుజ్జుతోనూ చేస్తారు గానీ నాకు అది వెగటు.

నేనైతే తాటిముంజలకే ఓటేస్తాను. లేత ముంజల పైపొర తీసి సన్నగా ముక్కలు కోసి, రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టిన టీలో వేసి, రెండు పుదీనా ఆకులు నలిపి వేయండి. చక్కెర చాలా తక్కువ. చెంచా ఇచ్చి మరీ ఇవ్వండి, లేకపోతే అడుగున ముంజల కోసం వేళ్లు పెడతారు. ముదురు ముంజలు మాత్రం వద్దు, నమిలేసరికి టీ వేడెక్కుతుంది.

ఐస్ టీ 1904లో ఒక ఇంగ్లీషు వ్యాపారి కనిపెట్టాడని చదివాను. నిజమేనా?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు)

సగం నిజం మాస్టారూ. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడ మన దేశపు టీకి ప్రచారం చేయడానికి వెళ్లినాయన రిచర్డ్ బ్లెకిండెన్. ఎండలకి వేడి టీ ఎవరూ ముట్టకపోతే ఐసు వేసి ఇచ్చాడని, జనం ఎగబడ్డారని కథ. ఎగబడి ఉండొచ్చు, కనిపెట్టడం మాత్రం కాదు. 1870లలో అచ్చయిన అమెరికా వంట పుస్తకాల్లోనే చల్లటి టీ తయారీ ఉంది. ఆయన చేసింది దానికి పేరు తేవడం.

ఐసు సంగతి ఇంకా తమాషా. అమెరికా చెరువుల్లో చలికాలం కోసిన ఐసుగడ్డలు రంపపు పొట్టులో చుట్టి ఓడల్లో 1833లో కలకత్తాకి తెచ్చారు. మద్రాసులో దాన్ని దాచడానికి 1842లో కట్టిందే మెరీనా ఒడ్డున ఉన్న ఐస్ హౌస్, ఇప్పుడు వివేకానందర్ ఇల్లం. మీరు చెన్నై వెళ్లినప్పుడు దాని ముందు నుంచే పోయుంటారు. వాళ్ల ఐసు మనకొచ్చింది, మన టీ వాళ్లకెళ్లింది. రెండూ ఒకే గ్లాసులో పడ్డ సంగతి మనదాకా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

చేసిన ఐస్ టీ ఎన్నాళ్లుంటుంది? వడకట్టిన ఆకు గులాబీ మొక్కలకు వేయొచ్చా?
(ఒక పాఠకురాలు, కందుకూరు)

ఏమీ కలపని టీ అయితే ఫ్రిజ్‌లో రెండు రోజులు. నిమ్మరసం, పళ్ల ముక్కలు, ముంజలు పడ్డాయంటే అదే రోజు. కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే ఆలోచించకుండా పారబోయండి, పది రూపాయల టీ కోసం కడుపు పాడుచేసుకోవద్దు.

ఆకు మొక్కలకి వేయొచ్చు. పాలు, చక్కెర తగిలిన పిప్పి అయితే ముందు రెండు మూడు నీళ్లలో కడిగి, ఎండబెట్టి మట్టిలో కలపండి. కడగకుండా వేస్తే గులాబీలకంటే ముందు చీమలొస్తాయి.